ఎడబాటు పాటలు, విమర్శకుల తీర్పులు

గత సంచికలో బాబ్ డిలన్ ఆల్బమ్ 'బ్లడ్ ఆన్ ది ట్రాక్స్'ను పరిచయం చేశాము. కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం), ఫోక్ (జానపద) బాణీల్లో సొంతంగా పాటలు కట్టి పాడే అమెరికన్ గాయకులు ప్రేమ చెదిరిపోవడాన్ని ఎలా పాడారో అందులో క్లుప్తంగా చెప్పాము. అది చదివి విశాఖపట్నం నుంచి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వారి ప్రశ్నలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: ఆ ఆల్బమ్‌ను శ్రద్ధగా విన్నాను. తర్వాత పాత సమీక్షలు వెతికి చదివితే, విడుదలైన కొత్తల్లో పేరున్న విమర్శకులు కొందరు దాన్ని అశ్రద్ధగా తయారుచేసిన రికార్డు అని తేల్చేశారని తెలిసింది. ఇప్పుడు అదే ఆల్బమ్ అత్యుత్తమమైన వాటి జాబితాల్లో పైన ఉంటోంది. ఎవరి మాట నమ్మాలి?
– సీతమ్మధార పాఠకురాలు

జవాబు: ముందుగా ఆనాటి సమీక్షల్లో ఏముందో చూద్దాం. ఆల్బమ్ 1975 జనవరిలో విడుదలైంది. ఆ మార్చిలో 'రోలింగ్ స్టోన్' పత్రిక దాని మీద రెండు సమీక్షలు వేసింది. జొనాథన్ కాట్ మెచ్చుకుంటూ రాశారు. జాన్ లాండౌ మాత్రం రికార్డు తయారీలో డిలన్‌కు అలవాటైన నిర్లక్ష్యమే కనిపిస్తోందనీ, వెంట వాయించినవారు ఇంత ఉదాసీనంగా మునుపెన్నడూ వాయించలేదనీ, ఈ ఆల్బమ్ కొంతకాలం మాత్రమే గొప్పగా వినిపిస్తుందనీ రాశారు. లండన్ వారపత్రిక ఎన్.ఎం.ఇ.లో నిక్ కెంట్‌కు కూడా వాయిద్య సహకారం సాధన చేసుకుంటున్నప్పటి వాయింపులాగే తోచింది. న్యూయార్క్ వారపత్రిక 'విలేజ్ వాయిస్'లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అదే రికార్డుకు 'ఏ' గ్రేడు ఇచ్చారు. ఈ వాదనలు జరుగుతుండగానే శ్రోతలు దాన్ని అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేర్చారు.

లాండౌ చెవిని మనం తప్పుపట్టనక్కరలేదు. ఆ రికార్డు తయారైన తీరు తెలిస్తే ఆయన ఫిర్యాదు ఎక్కడ నుంచి వచ్చిందో అర్థమవుతుంది. 1974 సెప్టెంబరులో న్యూయార్క్ స్టూడియోలో డిలన్ ఈ పాటలను చాలా వేగంగా, నాలుగు రోజుల్లో రికార్డు చేశారు. మొదటి రోజు పిలిపించిన బృందంలో చాలామందిని పంపించేసి, ప్రధానంగా తన గిటారు, టోనీ బ్రౌన్ వాయించిన బేస్ గిటారుతోనే ముందుకు సాగారు. ఆ టేపుల్లో ఆయన కోటు గుండీలు గిటారు చెక్కకు తగిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. రికార్డు విడుదలకు సిద్ధమైన తర్వాత తమ్ముడు డేవిడ్ సలహా మీద డిసెంబరు చివర్లో మినియాపోలిస్‌లో స్థానిక వాయిద్యకారులను కూర్చోబెట్టి పది పాటల్లో ఐదింటిని మళ్ళీ పాడారు. అప్పటికే అట్టలు అచ్చయిపోవడంతో ఆ వాయిద్యకారుల పేర్లు వాటి మీదికి ఎక్కలేదు. ఇలా రెండు ఊళ్ళలో, రెండు రకాల సహకారంతో, హడావుడిగా తయారైన రికార్డులో అతుకులు వినిపించడం సహజమే.

లాండౌ అభిరుచి ఎటువైపు ఉండేదో కూడా గుర్తుంచుకోవాలి. అదే 1975లో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ 'బోర్న్ టు రన్' నిర్మాణంలో ఆయన పాలుపంచుకున్నారు. వాయిద్యాన్ని వాయిద్యం మీద పేర్చి, నెలల తరబడి చెక్కిన రికార్డు అది. అటువంటి పనితనాన్ని కోరుకునే శ్రోతకు డిలన్ గుండీల చప్పుడు లోపంగానే తోస్తుంది. నా అభిప్రాయంలో ఆయన విన్నది నిజమే కానీ, దాని నుంచి తీసిన ముగింపు సరికాదు. ఆ గరుకుదనం పాటలు చెబుతున్న విషయానికి అడ్డు రావడం లేదు. ఇంకా మాటలు కూడదీసుకుంటున్న మనిషి గొంతుకు నున్నగా దిద్దిన వాద్యబృందాన్ని జత చేసి ఉంటే ఆ గొంతు అంత దగ్గరగా వినిపించేది కాదు.

మీరే పరీక్షించి చూసుకునే వీలు కూడా ఇప్పుడు ఉంది. న్యూయార్క్ టేపులు 2018 నవంబరులో 'మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్' పేరుతో విడుదలయ్యాయి. మొదటి పాట 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ'ను రెండు రూపాల్లోనూ వినండి. న్యూయార్క్ రూపంలో మొదటి చరణం ఎవరో ఒక అతని గురించి చెబుతున్నట్టుగా మొదలవుతుంది. మినియాపోలిస్ రూపంలో అదే మనిషి తన కథ తానే చెప్పుకుంటాడు. శ్రుతి కూడా మారింది. కెవిన్ ఓడెగార్డ్ అనే స్థానిక గిటారిస్టు సూచన మేరకు పాటను 'జి' శ్రుతి నుంచి దానికి పైదైన 'ఏ' శ్రుతికి పెంచారు. దానితో డిలన్ పై స్థాయిని అందుకోవడానికి గొంతును కాస్త బలవంతపెట్టవలసి వచ్చింది. న్యూయార్క్ రూపంలో జరిగిపోయినదాన్ని తలచుకుంటున్న మనిషి వినిపిస్తే, ఇందులో ఆ జ్ఞాపకం వెంట ఇంకా పరుగెడుతున్న మనిషి వినిపిస్తాడు. రెండింటిలో ఏది మేలైనదన్న వాదన అభిమానుల మధ్య నేటికీ తెగలేదు. నాకు 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ' వరకు మినియాపోలిస్ రూపమే నచ్చుతుంది. 'ఇడియట్ విండ్' మాత్రం న్యూయార్క్‌లో మెల్లగా, దాదాపు తనలో తాను పాడుకున్నట్టుగా పాడినదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

మారిన తీర్పు సంగతికి వస్తే, రోలింగ్ స్టోన్ పత్రికే తన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో దీనికి 2003లో 16వ స్థానం, 2020లో 9వ స్థానం ఇచ్చింది. కొంతకాలమే నిలుస్తుందన్న మాట అచ్చయిన పత్రికలోనే ఇది జరిగింది. అలాగని జాబితాలను చివరి తీర్పుగా తీసుకోకండి. లాండౌ సమీక్షలో కనీసం ఆయన ఏం విన్నారో ఉంది. జాబితాలో అంకె ఒక్కటే ఉంటుంది.

ప్రశ్న: డిలన్ తన భార్యతో వచ్చిన ఎడబాటునే పాడాడని అందరూ రాస్తారు. ఆయన కాదంటాడు. జీవితం తెలియకుండా వింటే పాట సగమే అందుతుందా? స్టీల్ ప్లాంట్ షిఫ్టు బస్సులో మిత్రులతో ఈ వాదన ఎన్నిసార్లు జరిగినా తేలడం లేదు.
– గాజువాక పాఠకుడు

జవాబు: నిలిచే సంగతులు కొన్నే. డిలన్, సారా 1965లో పెళ్ళి చేసుకున్నారు. ఈ పాటలు రాసేనాటికి వారి కాపురం బీటలు వారింది. 1977లో విడాకులు తీసుకున్నారు. 1975లో గాయని మేరీ ట్రావర్స్ రేడియోలో ఇంటర్వ్యూ చేసినప్పుడు, ఈ ఆల్బమ్‌ను ఆనందిస్తున్నామని చాలామంది తనతో అంటున్నారనీ, ఇటువంటి బాధను జనం ఎలా ఆనందించగలరో తనకు అర్థం కావడం లేదనీ డిలన్ చెప్పారు. కానీ 2004 నాటి ఆత్మకథలో, ఒక ఆల్బమ్ మొత్తాన్ని రష్యన్ రచయిత చెహోవ్ కథల ఆధారంగా రాస్తే విమర్శకులు దాన్ని తన స్వీయచరిత్ర అనుకున్నారని రాశారు. ఆల్బమ్ పేరు చెప్పలేదు. ఇదేనని చాలామంది భావిస్తున్నారు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో తనకు చిత్రలేఖనం నేర్పిన నార్మన్ రేబెన్ ప్రభావం గురించి కూడా ఆయన పలుమార్లు మాట్లాడారు. నిన్న, నేడు, రేపు ఒకే బొమ్మలో కలిసి ఉన్నట్టు చూడడం ఆ గురువు దగ్గరే నేర్చుకున్నానన్నారు. 'టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ'లో కాలం ముందుకూ వెనక్కూ పోవడం ఆ పాఠం ఫలితమే.

ఈ మాటల్లో ఏది నిజం అన్న ప్రశ్నకు సమాధానం దొరికినా దొరకకపోయినా పాట మాత్రం మన ముందు ఉంది. 'ఇడియట్ విండ్'నే తీసుకోండి. నిమిషాల తరబడి సాగే ఆ పాటలో పల్లవి నాలుగు సార్లు వస్తుంది. మొదటి మూడు సార్లూ ఎదుటి మనిషినే తిడుతుంది, నీ నోటి నుంచి వచ్చేది తెలివితక్కువతనపు గాలేనంటుంది. నాలుగోసారి వచ్చేటప్పటికి ఆ తిట్టు ఇద్దరి మీదకూ మళ్ళుతుంది. పాడే మనిషి తనను కూడా అందులో కలుపుకొంటాడు. కోపంలో ఉన్న భర్త డైరీ అయితే మూడో పల్లవి దగ్గరే ఆగిపోయేది. ఆ నాలుగో పల్లవిని కట్టింది భర్త కాదు, రచయిత. జీవితచరిత్ర తెలిసిన విమర్శకుడు ఈ పాటలో సారా ఎక్కడ ఉందో వెతుకుతూ ఈ మలుపును దాటేసి పోయే ప్రమాదం ఉంది. జీవితం తెలియకుండా విన్నవారికి ఈ మలుపు తప్పకుండా వినిపిస్తుంది.

ఈ వాదన మన సాహిత్యానికి కొత్తదేమీ కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి వేదనను సొంత కన్నీళ్ళని కొట్టిపారేసినవారు ఆనాడే ఉన్నారు. 'మహాప్రస్థానం'కు రాసిన యోగ్యతాపత్రంలో చలం ఆయనను మీ విశాఖ కవి శ్రీశ్రీ పక్కన నిలబెట్టి, కృష్ణశాస్త్రి తన బాధను అందరిలోనూ పలికిస్తాడనీ, శ్రీశ్రీ అందరి బాధనూ తనలో పలికిస్తాడనీ తేల్చారు. ఎడబాటు పాటల మీద రాసే ప్రతి సమీక్షకుడూ మొదట వేసుకోవలసిన ప్రశ్న ఆ మాటల్లో ఉంది: ఈ బాధ నాలో పలికిందా, లేదా? పలికితే ఎలా పలికించాడు, ఏ పదంతో, గొంతును ఎక్కడ ఆపి? ఆ బాధ ఎవరి మూలంగా కలిగిందన్నది ఆ తర్వాతి మాట. షిఫ్టు బస్సులో మీ మిత్రులు చెప్పేదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. జీవితం తెలిస్తే కొన్ని పాదాలకు అదనపు బరువు వస్తుంది. కానీ ఆ బరువు మనం తెచ్చి పెట్టినదా, పాటలోనే ఉన్నదా అని వేరుచేసి చెప్పగలిగినప్పుడే అది విమర్శ అవుతుంది.

ప్రశ్న: అమెరికన్ కంట్రీ గాయని కేసీ మస్‌గ్రేవ్స్ విడాకుల ఆల్బమ్ 'స్టార్ క్రాస్డ్' నాకు చాలా ఇష్టం. దానికి ముందు వచ్చిన ప్రేమ ఆల్బమ్‌ను ఆకాశానికి ఎత్తిన విమర్శకులు దీనికి వచ్చేసరికి ఎందుకు చల్లబడ్డారు? గ్రామీ వాళ్ళు అది కంట్రీ ఆల్బమే కాదన్నారట, నిజమేనా?
– మధురవాడ పాఠకురాలు

జవాబు: నిజమే. 2018లో వచ్చిన 'గోల్డెన్ అవర్' 2019 గ్రామీ పురస్కారాల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గానూ, మొత్తం మీద ఆ ఏటి మేటి ఆల్బమ్‌గానూ నిలిచింది. గాయకుడు రస్టన్ కెల్లీతో పెళ్ళయిన కొత్తల్లోని సంతోషం ఆ పాటల నిండా ఉంది. 2020లో ఆ దంపతులు విడిపోయారు. 2021 సెప్టెంబరులో 'స్టార్ క్రాస్డ్' వచ్చింది. ఒక విషాద నాటకంలో మూడు అంకాలు ఉన్నట్టుగా పదిహేను పాటలను అందులో పేర్చారు. గ్రామీ పరిశీలక సంఘం దాన్ని కంట్రీ ఆల్బమ్ విభాగంలోకి తీసుకోలేదు. నాష్‌విల్‌లోని ఆమె రికార్డు సంస్థ అధ్యక్షురాలు నిరసన తెలుపుతూ లేఖ రాశారు. విడ్డూరం ఏమిటంటే, అదే ఆల్బమ్‌లోని 'కెమెరా రోల్' అనే పాటను కంట్రీ పాటల విభాగాల్లో నామినేట్ చేశారు. ఆల్బమ్ కంట్రీ కాదు, అందులోని పాట కంట్రీ అన్న ఈ తీర్పును సమర్థించడం నాకు సాధ్యం కాదు.

సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) వినిపిస్తే అది కంట్రీ కాదన్నది ఆ సంఘం వారి లెక్కలా ఉంది. మన ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవారు జముకుతో పాటు కీబోర్డు కూడా పెట్టుకుంటే ఆ కథ శ్రీకాకుళానిది కాకుండా పోతుందా? యాస, కథ చెప్పే తీరు, ఎవరి బతుకులను ఎవరికి చెబుతున్నారు అన్న సంగతులు వాయిద్యాల కంటే లోతైనవి. 'కెమెరా రోల్'లో ఆమె ఫోనులో దాచుకున్న పాత ఫొటోలను తేదీల వరుసలో వెనక్కి జరుపుతూ చూస్తుంది. అలా చూడడమే చిత్రహింస అని తెలిసీ చూస్తుంది. వాడుకలో ఉన్న ఒక చిన్న వస్తువును పట్టుకొని పెద్ద దుఃఖాన్ని చెప్పడం కంట్రీ పాటకు మొదటి నుంచీ ఉన్న పద్ధతి. పాత పాటల్లో ఆ పనిని ఉత్తరాలూ ఉంగరాలూ చేశాయి, ఇక్కడ ఫోను చేసింది.

సమీక్షకులు చల్లబడ్డారన్న మీ మాట విషయానికి వస్తే, వచ్చిన సమీక్షలు ఎక్కువగా అనుకూలమైనవే. కానీ దాదాపు ప్రతి ఒక్కరూ దీన్ని 'గోల్డెన్ అవర్' పక్కన పెట్టి కొలిచారు. సంతోషాన్ని పాడిన ఆల్బమ్‌తో దుఃఖాన్ని పాడిన ఆల్బమ్‌ను మెరుపులో పోల్చితే రెండోది మసకగా కనిపించక తప్పదు. కొన్ని పాటల్లో సాహిత్యం పలుచగా ఉందన్న విమర్శను నేను ఒప్పుకొంటాను. మూడు అంకాల నిర్మాణాన్ని ముందే ప్రకటించి, ఆ నాటకీయతకు తగిన సన్నివేశాలను మధ్య భాగంలో కల్పించలేకపోయారు. అయితే చివరి పాటను చాలామంది తేలికగా తీసుకున్నారని నా ఫిర్యాదు. చిలీ దేశపు గాయని వయొలేటా పారా కట్టిన 'గ్రాసియాస్ ఎ లా విదా' అనే స్పానిష్ పాటను ఆమె అక్కడ పాడారు. జీవితానికి కృతజ్ఞత చెప్పే పాట అది. దాన్ని రాసిన వయొలేటా 1967లో ఆత్మహత్య చేసుకున్నారు. విడాకుల కథ చివర్లో ఈ పాటను ఉంచడం అలంకారం కోసం చేసిన పని కాదు. తన దుఃఖాన్ని తన కంటే పెద్ద దుఃఖం తెలిసిన మరొక పాటకత్తె చేతుల్లో పెట్టడం అది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఎడబాటును మగవాడు పాడినప్పుడు కళాఖండమనీ, స్త్రీ పాడినప్పుడు సొంత గోడు అనీ అనే అలవాటు ఈ రంగంలో చాలా పాతది. 1971లో గాయని జోనీ మిచెల్ తన 'బ్లూ' ఆల్బమ్‌ను వినిపించినప్పుడు క్రిస్ క్రిస్టఫర్సన్ అంతటి గీతరచయిత కూడా, నీకంటూ కొంతైనా దాచుకోవమ్మా అన్నారట. డిలన్‌కు ఆ సలహా ఎవరైనా ఇచ్చినట్టు నేను ఎక్కడా చదవలేదు. రోలింగ్ స్టోన్ 2003 జాబితాలో 30వ స్థానంలో ఉన్న 'బ్లూ' 2020 నాటికి మూడో స్థానానికి, అంటే డిలన్ ఆల్బమ్ కంటే పైకి చేరింది. పాటలు మారలేదు, ఓటు వేసినవారు మారారు.

ప్రశ్న: ఇంగ్లీషు పుస్తకాలు బాగానే చదువుతాను కానీ ఈ గాయకుల యాస సగం కూడా అర్థం కాదు. ఇటువంటి ఆల్బమ్‌ల మీద సమీక్ష రాసే అర్హత నాకు ఉంటుందా?
– ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి

జవాబు: ఉంటుంది. మొదటి విడతలో సాహిత్యం చూడకుండా వినండి. గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, ఏ వాయిద్యం ఎప్పుడు ఆగిపోయింది అన్నవి రాసుకోండి. తర్వాత సాహిత్యం ముందు పెట్టుకొని, మీరు రాసుకున్న చోట్ల ఏ మాటలు ఉన్నాయో చూడండి. ఇతరుల సమీక్షలను మీది రాసిన తర్వాతే చదవండి. యాస అడ్డంకిగా ఉన్న శ్రోత కొన్నిసార్లు బాణీని మిగిలినవారి కంటే శ్రద్ధగా వింటాడు. అర్థం కాని పాదం గురించి మాత్రం ఊహించి రాయకండి.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌లన్నీ ఒక వైపు మాటే చెబుతున్నాయి. భార్యాభర్తలిద్దరి మాటా వినిపించే ఆల్బమ్ ఏదైనా ఉందా?
– పెదవాల్తేరు పాఠకుడు

జవాబు: ఉంది. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 1974లో విడుదల చేసిన 'ఫేజెస్ అండ్ స్టేజెస్'. నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ దాన్ని అలబామాలోని మజిల్ షోల్స్‌లో రికార్డు చేయించారు. ఎల్.పి. రికార్డు మొదటి వైపు భార్య కథ, రెండో వైపు భర్త కథ. ఆమె వైపు వంటింట్లో గిన్నెలు కడగడంతో మొదలై, మళ్ళీ ప్రేమలో పడుతున్నానేమోనన్న భయంతో ముగుస్తుంది. అతని వైపు పొద్దున్నే తాగుతూ విమానంలో పారిపోవడంతో మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరిది తప్పో విల్లీ చెప్పలేదు. ఆ సంయమనం కోసమే, నన్ను అడిగితే, విడాకుల మీద వచ్చిన కంట్రీ ఆల్బమ్‌లలో దీన్నే మొదట వినమంటాను.

గాజువాక పాఠకుడి ప్రశ్నకు కూడా ఇందులో ఒక సాక్ష్యం ఉంది. భర్త వైపు పాటల్లో అందరి కంటనీరు తెప్పించేది 'ఐ స్టిల్ కాంట్ బిలీవ్ యు ఆర్ గాన్'. దాన్ని విల్లీ విడాకుల గురించి రాయలేదు. తన బృందంలో డ్రమ్స్ వాయించే పాల్ ఇంగ్లిష్ భార్య మరణించినప్పుడు ఆ స్నేహితుడి కోసం రాశారు. ఈ సంగతి తెలియని విమర్శకుడు దాన్ని విడాకుల పాటగానే వింటాడు, ఆ ఆల్బమ్‌లో అది అలాగే నిలబడుతుంది కూడా. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి: పాటల మధ్యలో ఒకే చిన్న పాట మళ్ళీ మళ్ళీ వచ్చి కథను కలుపుతుంది కనుక, ఫోనులో వినేటప్పుడు షఫుల్ ఆపేసి మొదటి పాట నుంచి వరుసగా వినండి.